హాల్లో నాకొక్కదానికే ఏడుపొచ్చింది

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. గాజువాకలో ఉంటాం. మా వారిది స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, షిఫ్టులు. పెళ్ళికి ముందు నాకు సినిమా పిచ్చి బాగా ఉండేది. పిల్లలు పుట్టాక హాలుకి వెళ్ళడం తగ్గింది, కరోనాకి హాళ్ళు మూతపడ్డాక పూర్తిగా మానేశాను. ఇంట్లో ఫోన్లోనో టీవీలోనో ఒక్కో సినిమా వారం రోజులు ముక్కలు ముక్కలుగా చూస్తుంటాను. మొన్న మా అబ్బాయి బలవంతం మీద చాలా ఏళ్ళకి హాలుకి వెళ్ళాను. మొదటి అరగంట కుదురుగా కూర్చోలేకపోయాను. తర్వాత ఒక చిన్న సీన్ వచ్చింది. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ముందుగదిలో అందరూ గోల చేస్తుంటారు. వంటగదిలో ఉన్న తల్లి స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఫొటో దిగడం అయిపోతుంది. అంతే. నాకు ఏడుపు ఆగలేదు. మా అబ్బాయి ‘అందులో ఏడవడానికేముందమ్మా’ అని నవ్వాడు. మా ఆడపడుచు ‘ఆ సినిమాకి రేటింగులే రాలేదు, దానికి ఏడ్చావా’ అంది. నేను తప్పుగా చూశానా? ఇది డిప్రెషన్ లాంటిదేమైనానా? మళ్ళీ వెళ్ళాలని ఉంది. ఒక్కదాన్నే వెళ్ళాలని ఉంది. ‘నెల తిరిగితే టీవీలోకి వచ్చేదానికి అంత దూరం ఎందుకు’ అంటారు మా వారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

అమ్మా, పేరు వద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. సినిమా పేరూ తీసేశాను, చదివేవాళ్ళు అది మంచిదా చెడ్డదా అన్న వాదనలో పడకూడదని. మీ ఉత్తరం పెద్దది. ఇక్కడ కుదించి ఇచ్చాను గానీ, పూర్తి ఉత్తరంలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. సినిమా కథంతా మీరు రెండు వాక్యాల్లో తేల్చేశారు. హీరో ఎవరో, విలన్ ఎవరో, పాటలెలా ఉన్నాయో ఒక్క ముక్క లేదు. ఆ వంటగది షాట్ గురించి మాత్రం అర పేజీ రాశారు. ఆవిడ చీర చెంగుతో కాకుండా కిటికీకి వేలాడుతున్న పాత తువ్వాలుతో చేతులు తుడుచుకుందని రాశారు. పాలు పొంగకుండా స్టవ్ కట్టేశాకే కదిలిందని రాశారు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి నవ్విందని రాశారు. ‘తప్పుగా చూశానా’ అని అడుగుతున్న మనిషి ఇంత చూసింది! మీరు తప్పుగా చూడలేదు. ఆ పూట ఆ హాల్లో మీ అంత బాగా చూసినవాళ్ళు ఎక్కువమంది ఉండి ఉండరు.

ఆ షాట్ దానంతట అది సినిమాలోకి వచ్చి పడలేదమ్మా. ఎవరో ఒకరు కెమెరాని ముందుగదిలో సంబరం దగ్గర కాకుండా వంటగదిలో పెట్టారు. లైట్లు సర్దారు. ఆ తువ్వాలు అక్కడ వేలాడదీశారు. పక్కగది నవ్వులు ఎంత వినపడాలో సౌండ్ కలిపేవాళ్ళు కూర్చుని చూసుకున్నారు. ఆ నటి చెయ్యి తుడుచుకోవడంలో తొందర ఉండాలా వద్దా అని ఆలోచించి ఉంటుంది. ఇంత చేశాక కూడా, సినిమా పొడుగైందనుకుంటే ఎడిటర్ మొదట కోసేసేది ఇలాంటి ముక్కలే. ఆయన కొయ్యలేదు. ఇంతమంది కలిసి ఆ కొన్ని సెకన్లు ఎవరో ఒకరికి అందాలని పెట్టారు, మీకు అందింది. సినిమా మొత్తం నిలబడిందా లేదా అన్నది వేరే విషయం. సాదాసీదా సినిమాలో కూడా ఒక్క షాట్ గొప్పగా ఉండొచ్చు. రేటింగు సినిమా మొత్తానికి ఇస్తారు, మీకు తగిలింది ఒక్క షాట్. అందుకే మీ ఆడపడుచుగారి మాటకీ మీ ఏడుపుకీ సంబంధం లేదు.

మన ఉత్తరాంధ్రలో ఇదేమీ కొత్త కాదు. పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) గజ్జె కట్టి హరికథ చెబుతుంటే జనం రాత్రిళ్ళు కూర్చుని విన్నారు. కథ అందరికీ ముందే తెలుసు. సీతమ్మ అడవికి వెళ్తుందనీ తెలుసు, తిరిగి ఏమవుతుందనీ తెలుసు. అయినా ఏడుస్తారు. అలా వింటూ ఒకావిడ కళ్ళొత్తుకుంటుంటే, ఇది సీతమ్మ కోసమా, అత్తవారింట తను పడ్డదాని కోసమా అని పక్కనున్నవాళ్ళు ఎవరూ ఆరా తీసేవారు కాదు. రెండూ కలిసే వస్తాయని అందరికీ తెలుసు కాబట్టి. హరికథ దగ్గర మర్యాదగా చెల్లిన ఆ కన్నీళ్ళు సినిమా హాల్లో సిగ్గుపడాల్సినవి ఎందుకయ్యాయో నాకు అర్థం కాదు.

అయితే ఇందులో మెలిక ఒకటి ఉంది, అది దాచి మీకు సలహా చెప్పడం నాకిష్టం లేదు. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడనే పండితుడు భరతుడి నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ, రసం, అంటే నాటకం చూస్తుంటే మనసుకి కలిగే ఆస్వాదన, అందకుండా అడ్డుపడేవాటిని వరసగా చెప్పాడు. చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోవడం వాటిలో ఒకటి. మన గొడవలోనే మనం ఉండిపోతే రంగస్థలం మీద ఉన్నది కనపడటం మానేస్తుంది. ఆ మాట ఇవాళ్టికీ నిజమే అనుకుంటాను. సినిమాలో మన జీవితం కనబడటం ఒకటి, సినిమా ఆడుతున్నా మన జీవితమే తలుచుకుంటూ కూర్చోవడం ఇంకొకటి. రెండింట్లోనూ కన్నీళ్ళు వస్తాయి.

ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక పని చెయ్యండి. సినిమా చూసి వచ్చిన రోజే, నిద్రపోకముందు, ఒక నోటు పుస్తకంలో ముందు కళ్ళతో చూసిందీ చెవులతో విన్నదీ మాత్రమే రాయండి. తువ్వాలు, స్టవ్, గుమ్మం, పక్కగది నవ్వు, అలాంటివి. ‘పాపం’, ‘అన్యాయం’ లాంటి మాటలు అందులో వద్దు. అది అయ్యాక కింద గీత గీసి, మీకు ఏం గుర్తొచ్చిందో రాయండి. అది ఎవరికీ చూపించక్కర్లేదు, నాకూ రాయక్కర్లేదు. పైభాగం నిండుగా ఉంటే సినిమా మీదాకా వచ్చిందన్నమాట. పైన రెండు ముక్కలు రాసి, కింద మూడు పేజీలు నిండితే, ఆ రోజు మీ మనసు వేరే పనిలో ఉందన్నమాట. అదీ తప్పు కాదు. కాకపోతే ఆ మూడు పేజీల సంగతి ఒక స్నేహితురాలితోనో అక్కచెల్లెళ్ళతోనో చెప్పుకోవాల్సినది. సినిమా మీద ఆ బరువు పెట్టకండి.

ఇంకో జాగ్రత్త. ఆ తల్లిని చూసి ఇంటికొచ్చి, ‘నన్ను కూడా ఎవరూ ఫొటోలోకి పిలవలేదు’ అని ఆ రోజే లెక్కలు తియ్యొద్దు. మీకు అలా అనిపించిందని నేను అనడం లేదు, ఎందుకు ఏడ్చారో మీరు రాయలేదు, నేను అడగను. ఒకవేళ అలాంటిదే అయితే మాత్రం, ఆ డైరెక్టరుకి మీ ఇల్లు తెలీదు, మీ ఆయన తెలీదు. ఆయన చూపించింది ఆ సినిమాలో ఇంటి గురించి. మీ ఇంటి గురించి మీకు నిజంగా చెప్పాల్సింది ఉంటే నాలుగు రోజులు ఆగి, మామూలు మాటల్లో, సినిమా ఊసెత్తకుండా చెప్పండి.

చూసేవాళ్ళని బట్టి ఒకే షాట్ వేరే వేరే సంగతులు చెబుతుందని విశాఖవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మన తీరంలో ఎన్ని సినిమాలు తీశారో! 1978లో బాలచందర్ తీసిన మరోచరిత్ర ఇక్కడ, భీమిలిలో తీసిందే. మద్రాసులో దాన్ని డబ్బింగ్ చెయ్యకుండా తెలుగులోనే చూశారు, ఏడాదికి పైగా ఆడింది. భాష సరిగ్గా రానివాళ్ళు కూడా ఆ హీరోహీరోయిన్ల ప్రేమలో తమకి కావలసినదేదో వెతుక్కున్నారు. భీమిలివాళ్ళకి అదే సినిమాలో తమ ఇసుక, తమ కెరటం కూడా కనబడతాయి. ఇప్పటికీ పాటలో హీరో ఆర్కే బీచ్‌లో పరుగు మొదలుపెట్టి, తర్వాతి షాట్‌లో పాతిక కిలోమీటర్ల అవతల భీమిలిలో తేలితే మన హాళ్ళలో చిన్న కలకలం పుడుతుంది. హైదరాబాద్‌లో చూసేవాళ్ళకి అది మామూలు పాట. మనలో ఒకరికి అక్కడ పెళ్ళిచూపులు అయ్యుంటాయి, ఒకరు హుద్‌హుద్ తుపాను తర్వాత ఆ చెట్లన్నీ పడిపోయిన రోడ్డు మీద నడిచి ఉంటారు. ఎవరి చూపు వాళ్ళది, ఎవరిదీ తప్పు చూపు కాదు.

ఇక ఆ మొదటి అరగంట సంగతి. కూర్చోలేకపోవడం మీ ఒక్కరిదే కాదు. ఇన్నేళ్ళుగా సినిమాని ఆపుకుంటూ, మధ్యలో ఫోన్ చూసుకుంటూ, కూర దించి వచ్చి మళ్ళీ మొదలుపెట్టుకుంటూ చూశారు. ఆపే వీల్లేని చోట మనసు కంగారు పడుతుంది. పాతకాలంలో అసలు సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్‌రీలు తప్పనిసరిగా వేసేవారు, గుర్తుందా? వరదలు, ఆనకట్టలు, మంత్రుల ప్రారంభోత్సవాలు. ఎవరూ శ్రద్ధగా చూసేవారు కాదు గానీ, ఆ కాసేపట్లో బయటి హడావిడి దిగిపోయేది. ఇప్పుడు యాడ్స్ ఉన్నాయి, అవి దింపవు, ఇంకా ఎక్కిస్తాయి. అందుకని లైట్లు వెలుగుతుండగానే వెళ్ళి కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, కట్టేసి బ్యాగు అడుగున పడెయ్యండి. మనసు బయటికి పోతున్నట్టుంటే తెరలో మొహాలు వదిలేసి వెనక ఏముందో చూడండి: గోడ మీద క్యాలెండరు, కిటికీలోంచి వెలుతురు, వెనక నడిచిపోయే మనుషులు. మీకు ఆ చూపు ఎలాగూ ఉంది.

సీటు కూడా చూసుకుని తీసుకోండి. తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర, వరుస మధ్యలో అయితే బొమ్మా శబ్దమూ రెండూ బాగుంటాయి. సౌండ్ గుండెల మీద కొట్టినట్టుందని రాశారు. పక్క గోడలకీ వెనక గోడకీ స్పీకర్లు ఉంటాయి కాబట్టి గోడవార సీట్లు తీసుకోకండి. మొదటి వారం కేకలూ కాగితాల వానా ఉంటాయి, మీకిష్టమైతే సరే, లేదంటే రెండో వారం మామూలు రోజున వెళ్ళండి.

మీ వారి ప్రశ్నకి వద్దాం. ‘టీవీలోకి వస్తుంది కదా’ అన్న మాటలో తప్పేం లేదు, డబ్బు లెక్కలో ఆయనదే నిజం. మీరు ఆయనతో సినిమా గురించి వాదించొద్దు. ఇంట్లో మీరు సినిమా చూస్తుంటే ఎన్నిసార్లు లేస్తారో అది చెప్పండి. కుక్కరు కూత, కొరియర్ అబ్బాయి, ‘అమ్మా నా షర్ట్ ఎక్కడ’. ఇంట్లో సినిమా మీ కోసం ఆగుతుంది, కాబట్టి మిగిలినవాళ్ళెవరూ ఆగరు. హాల్లో సినిమా ఆగదు, అందుకని మిగిలినవన్నీ ఆగి తీరాలి. ఆ రెండున్నర గంటలు మిమ్మల్ని ఎవరూ పిలవరు. 47 ఏళ్ళ గృహిణికి అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో ఆయన్నే ఒకసారి చెప్పమనండి, దెప్పిపొడుపుగా కాదు, నిజంగానే. గుడిలో కూడా ప్రసాదం పట్టుకోమనీ, పిల్లాణ్ణి చూడమనీ పిలుస్తూనే ఉంటారు. నాకు తెలిసి చాలామంది భర్తలు ఇది చెడ్డతనంతో కాదు, ఎప్పుడూ గమనించక అడుగుతారు. చెబితే అర్థం చేసుకుంటారు.

ఒక్కరూ వెళ్ళడం గురించి మీరు ఉత్తరంలో మూడుచోట్ల రాశారు, మూడుచోట్లా ‘జనం ఏమనుకుంటారో’ అనే రాశారు. మా అమ్మ తరంలో ఆడవాళ్ళు వీధి వీధంతా కలిసి మ్యాటినీకి వెళ్ళేవారు. హాళ్ళలో ఆడవాళ్ళకి వేరే క్యూ, వేరే బుకింగ్ కిటికీ ఉండేవి. మధ్యాహ్నం ఆట వాళ్ళదే. అంటే భర్తలు తోడు లేకుండా సినిమాకి వెళ్ళడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు ఆ వీధి అపార్ట్‌మెంట్లయిపోయి, ఎవరికి వాళ్ళమయ్యాం కాబట్టి ఒక్కరే వెళ్ళాల్సి వస్తోంది, అంతే తేడా. పైగా మనది సినిమా హాలు పేరే పెద్ద జంక్షన్‌కి పేరైపోయిన ఊరు. జగదాంబ దగ్గర దిగుతానని కండక్టరుతో రోజూ వేలమంది చెబుతారు. అలాంటి ఊళ్ళో సినిమాకి వెళ్ళడం దాచుకోవాల్సిన పనేం కాదు.

మొదటిసారి మీ వారికి ఎ షిఫ్ట్, అంటే పొద్దున్న డ్యూటీ, ఉన్న వారంలో పెట్టుకోకండి. ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అన్నం ఎవరు పెడతారన్న టెన్షన్‌తో సినిమా కనపడదు. ఆయన మ్యాటినీ వేళకి డ్యూటీలో ఉండే వారం చూసుకుని, నంబరు సీట్లుండే హాల్లో నడవా పక్క సీటు ఒకటి ముందే బుక్ చేసుకోండి. మధ్య సీటు అన్నాను గానీ, మొదటిసారికి మాత్రం ఎప్పుడంటే అప్పుడు లేచి రాగలిగే సీటే ధైర్యం. గాజువాకలోనే చూడొచ్చు. నా సలహా అయితే ఒకసారి ఊళ్ళోకి రండి. జగదాంబ దగ్గర మ్యాటినీ చూసి, కలెక్టరాఫీసు మీదుగా బీచ్‌కి నడిచి దిగిపోవచ్చు. సాయంత్రానికి ఎండ తగ్గుతుంది. మురీ మిక్చర్ పొట్లం కట్టించుకుని గోడ మీద కూర్చుని ఆ నోటు పుస్తకం అక్కడే తియ్యండి. సినిమా అవ్వగానే బస్సెక్కి కూరల గురించి ఆలోచిస్తే గాజువాక చేరేసరికి సగం చెరిగిపోతుంది. ఇంట్లో మాత్రం ఏ హాలు, ఏ ఆట, ఎన్నింటికి వస్తానన్నది చెప్పి వెళ్ళండి. మధ్యలో ఫోన్ ఎత్తననీ చెప్పండి.

ఏ సినిమాకి వెళ్ళాలన్నది పెద్ద చిక్కు కాదు. పోస్టర్ చూసి మనసు లాగితే చాలు. చూసొచ్చేదాకా రివ్యూలు చదవొద్దు, చూశాక చదవండి, అప్పుడవి బాగుంటాయి కూడా. 2022 నుంచి పాత తెలుగు హిట్లని 4కెలో శుభ్రం చేసి మళ్ళీ హాళ్ళలో వేస్తున్నారు. మీరు పెళ్ళికి ముందు అక్కచెల్లెళ్ళతో చూసిన సినిమా ఏదైనా అలా వస్తే వదలకండి. అప్పుడు హీరోయిన్ని చూసి ఉంటారు, ఇప్పుడు వాళ్ళ అమ్మ మీద చూపు పడుతుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సభలతో పాటు అప్పుడప్పుడు సినిమాలు కూడా వేస్తుంటారు. పేపర్లో సిటీ పేజీలో ‘నేటి కార్యక్రమాలు’ చూస్తుండండి. అక్కడైతే సినిమా అయ్యాక మాట్లాడుకునేవాళ్ళు కూడా దొరుకుతారు, మీకు అది అవసరమనిపిస్తోంది.

డిప్రెషనా అని అడిగారు. సినిమాలో ఒక సీన్‌కి ఏడవడం డిప్రెషన్ కాదు. మీరు రాసినదాన్ని బట్టి తిండీ నిద్రా బాగానే ఉన్నాయి, మళ్ళీ వెళ్ళాలన్న ఉత్సాహమూ ఉంది. అయితే ఇంట్లో కూడా కారణం తెలీకుండా రోజూ ఏడుపొస్తున్నా, రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైనవి ఏవీ ఇష్టమనిపించకపోయినా అది వేరే విషయం. అప్పుడు డాక్టర్ని కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు. దీనికి సినిమా మందు కాదు.

చివరగా మీ అబ్బాయి. ‘అందులో ఏడవడానికేముందమ్మా’ అన్న మాట మీకు గుచ్చుకుంది. నాకైతే అందులో వెక్కిరింతకంటే తెలియకపోవడమే ఎక్కువ వినిపించింది. వాడికి ఆ షాట్ నిజంగానే కనపడి ఉండదు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు ముందుగదిలో ఫొటో దిగేవాళ్ళ వైపు ఉంటాడు. వంటగదిలోకి చూడాలని వాడికి ఎవరూ చెప్పలేదు. మిమ్మల్ని హాలుకి తీసుకెళ్ళింది వాడే, అది మరిచిపోకండి. ఆ సినిమా నెల తిరిగి టీవీలోకి వచ్చినప్పుడు, మీ వారు చెప్పిన సౌకర్యం అప్పుడు పనికొస్తుంది. ఆ సీన్ దగ్గర ఆపమనండి. ఏడుపు గురించి ఏమీ చెప్పొద్దు. ‘ఆ తువ్వాలు చూడు, ఆవిడ ఎక్కడ ఆగిందో చూడు’ అని చూపించండి, తర్వాత మళ్ళీ నడపమనండి. ఏమీ అనకపోయినా ఫరవాలేదు. ఆ తర్వాత వాడికి ఆ సినిమాలో ఏ షాట్ గుర్తుండిపోయిందో అడగండి. ఫైట్ సీనే చెప్పినా సరే, ఎందుకు నచ్చిందో పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి. తర్వాతి మ్యాటినీకి టికెట్ ఒకటి తియ్యాలో రెండు తియ్యాలో అప్పుడు మీకే తెలుస్తుంది.